హోషియార్ ఎవరుండాలి?

'హోషియార్ రహో' అనే మాట మా ఇండ్లల్లో సలాం లాంటిది. పిల్లగాడు ఊరికి బయల్దేరినా, వీధిలో ఊరేగింపు బయల్దేరినా అదే మాట. జాగ్రత్త మాకు అలవాటు కాదు, చరిత్ర.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దుర్మార్గాలకు, వాళ్లతో ఏ సంబంధమూ లేని పేద ముసల్మాన్లు బదులు చెల్లించారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం లెక్కగట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదికను సర్కారు దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. భయం మాత్రం జిల్లాల హద్దుల దగ్గర ఆగలేదు. కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టుకోవడం, కర్ఫ్యూ పడుతుందేమోనని నాలుగు రోజుల బియ్యం ముందే తెచ్చుకోవడం, రైల్లో ఎవరైనా పేరడిగితే ఏం చెప్పాలో పిల్లలకు నేర్పడం మాకట్లా వచ్చినవే.

కానీ మా కొత్తకోట మండలానికి చావు వచ్చినప్పుడు అది పేరడగలేదు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజాము. బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న వోల్వో బస్సు పాలెం దగ్గర కల్వర్టు గోడకు కొట్టుకుంది. డీజిల్ ట్యాంకు పగిలింది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే మంటల్లో చిక్కారు. 45 మంది కాలిపోయారు. దీపావళి ఇంకా నాలుగు రోజులే. ఆ శవాలకు టోపీ లేదు, బొట్టు లేదు. ఎవరు ఎవరి బిడ్డో డి.ఎన్.ఎ. పరీక్ష చెప్పాల్సి వచ్చింది. బతికినన్నాళ్లూ మనల్ని విడదీసే గుర్తులు అరగంటలో బూడిదయ్యాయి.

ప్రయాణికులు జాగ్రత్తగా ఉండాలంటారు. నిజమే. బస్సెక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో చూసుకోవాలి. అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో అడగాలి. మంట కనిపిస్తే సామాను వదిలి దిగాలి. మరి కల్వర్టు గోడ, ట్యాంకు ఉన్న చోటు, డ్రైవర్ వేగం ప్రయాణికుడి చేతిలో ఉన్నాయా? 2025 అక్టోబర్ 24న ఇదే రహదారి మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఇంకో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మధ్యలో పన్నెండేండ్లు. హోషియార్ కానిదెవరు?

1948, 2013 ఒకటి కావు. అది మనుషులు మనుషుల్ని చంపడం, ఇది ప్రమాదం. అయితే రెండుచోట్లా కాపాడాల్సినవాళ్లు ముందుగా సిద్ధంగా లేరు. జాగ్రత్త పౌరుడిది, భద్రత సర్కారుది. మొదటిది మేం తరతరాలుగా చేస్తూనే ఉన్నాం. రెండోదాని లెక్క అడగడానికి ముసల్మానే కానక్కర్లేదు. బస్సు టికెట్టు కొన్న ఎవరైనా చాలు.