నైవేలీ లిగ్నైట్ కథ

సింగరేణి నల్లబొగ్గుకు అలవాటుపడిన మన కళ్ళకు నైవేలీ లిగ్నైట్ చూపిస్తే ఇది బొగ్గేనా అనిపిస్తుంది. గోధుమరంగు, బరువులో సుమారు సగం నీరే. ఆరితే పగిలి పొడి అవుతుంది. దూరప్రాంతాలకు పంపితే రైలు కిరాయి గిట్టదు. అందుచేత గని పక్కనే కాల్చి కరెంటు చేసుకోవాలి.

1930ల మధ్యలో దక్షిణార్కాడు జిల్లాలో జంబులింగ మొదలియారు తన పొలంలో బోరు వేయించగా నీటితోపాటు నల్లని పదార్థం పైకి వచ్చింది. కథ అక్కడ మొదలైనా, కార్పొరేషన్ ఏర్పడినది 1956లో. 1957 మే 20న నెహ్రూగారు తవ్వకం ప్రారంభించారు. లిగ్నైట్ పొర మొదటిసారి బయటపడేసరికి 1961 ఆగస్టు వచ్చింది. నాలుగేళ్ళు ఎందుకు పట్టిందని అడగవచ్చు.

అసలు చిక్కు నీటితోనే. లిగ్నైట్ పొర కింద భూగర్భజలం గొప్ప ఒత్తిడితో ఉంటుంది. పైమట్టి బరువు తీసేస్తే ఆ నీరు గని అడుగును పైకి తన్నుతుంది. గని చుట్టూ బోర్లు వేసి, రాత్రింబవళ్ళు తోడుతూనే ఉండాలి. పంపులు ఆగితే గని మునిగినట్లే. పైన ఉన్న ఇసుకరాయి మరొక తలనొప్పి. జర్మనీ నుంచి తెచ్చిన పెద్ద చక్రాల యంత్రాల పళ్ళు అరిగిపోయేవి. మన ఇంజనీర్లు ఈ రెంటినీ లొంగదీసుకున్నారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

సోవియట్ సహాయంతో కట్టిన మొదటి విద్యుత్ కేంద్రం 1962లో పని మొదలుపెట్టి, 600 మెగావాట్లకు పెరిగి, 2020లో మూతపడింది. లిగ్నైట్‌తో యూరియా చేశారు. ‘లెకో’ అనే పొయ్యిబొగ్గు కూడా చేశారు. అవి తరువాత ఆగిపోయాయి. 1,470 మెగావాట్ల రెండవ కేంద్రం కరెంటులో దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వాటా ఉంది. మన ఇళ్ళలో తిరిగే ఫ్యానులో కొంత నైవేలీ ఉందన్నమాట. 2020 మే, జూలై నెలల్లో ఆ కేంద్రంలోనే బాయిలర్ ప్రమాదాలు జరిగి పలువురు కార్మికులు చనిపోయారు.

దేశంలోని లిగ్నైట్ నిల్వల్లో అయిదింట నాలుగు వంతులు తమిళనాడులోనే ఉన్నాయి. మిగిలినది ఎక్కువగా రాజస్థాన్, గుజరాత్‌లలో. నిల్వ ఉన్నదని తవ్వేయడం సులువు కాదు. పైన మనుషులున్నారు, పంటలున్నాయి. 2023 జూలైలో గని విస్తరణకోసం పచ్చని వరిచేల మధ్య కాలువ తవ్వితే రైతులు అడ్డుపడ్డారు. భూమి తీసుకుని, పరిహారం చెల్లించి చాలాకాలమైందని సంస్థ వాదన. ఇచ్చినది చాలదని, ఇంటికొక ఉద్యోగం కావాలని రైతుల వాదన. వ్యవహారం మద్రాసు హైకోర్టుకు చేరింది. కాగితం ప్రకారం భూమి ఎప్పుడో సంస్థదే కావచ్చు గాని, నాట్లు వేసేదాకా ఊరుకుని పైరు ఎదిగాక యంత్రాలు దింపడం నాకు సబబుగా తోచలేదు.