కలివికోడిని చూసిందెవరు?

ఒక పక్షి అంతరించిందని చెప్పే హక్కు ఎవరిది? దాన్ని చూసినవాళ్ళదా, చూశామని రాసిపెట్టగలిగినవాళ్ళదా? చరిత్రలో ‘ఆధారం’ అనే మాటను మనం ఎంత ఇరుకుగా వాడుతున్నామో కలివికోడి కథ చెబుతుంది.

తెలుగునాట, దాని పరిసరాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి ఇది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. తరువాత గోదావరి లోయలో భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హొవార్డ్ క్యాంబెల్ చూశాడు. అంతటితో రాతలోని సాక్ష్యం ఆగిపోయింది. వెతికినవాళ్ళకు కనబడలేదు గనుక పక్షి అంతరించిందనే నమ్మకం స్థిరపడింది. అది రాత్రి తిరిగే పక్షి. పగటిపూట వెతికితే పొదలే కనబడతాయి.

1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో దాని జాడ తీశాడు. ఆయన అడిగింది గ్రంథాలను కాదు, పల్లె జనాన్ని. రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో పక్షిని పట్టాడు. ‘86 ఏళ్ళ తరువాత తిరిగి కనుగొన్నారు’ అని లోకం రాసుకుంది. కలివిపొద పేరుతో దాన్ని పిలుచుకునే మనుషులకు అది ఎప్పుడు పోయింది గనుక?

ఇలా అన్నంతమాత్రాన శాస్త్రాన్ని తక్కువ చేసినట్టు కాదు. పరిశోధకుడు రాకపోతే వేటగాడి ఎరుక ఊరు దాటేది కాదు. లంకమల అభయారణ్యమూ ఏర్పడేది కాదు, పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారీ మారేది కాదు. అయితే ఆ రెండు ఎరుకలూ సమానంగా చరిత్రకెక్కలేదు. మన అభ్యంతరం అక్కడే.

ఈ అసమానత నేటికీ సమస్యే. పొదలు మరీ చిక్కనైనా, మరీ పలచనైనా ఈ పక్షి నిలవదని పరిశోధనలు తేల్చాయి. మితమైన మేత దానికి శత్రువు కాదన్నమాట. పొదలను మొదలంటా పెకలించి తోటలు వేసేవాళ్ళనూ, పూటకింత కట్టెపుల్ల ఏరుకునేవాళ్ళనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. గొర్రెలకాపరిని అడవి నుంచి వెళ్ళగొడితే సాక్షినే వెళ్ళగొట్టినట్టు.

2008 తరువాత మళ్ళీ ఏళ్ళ తరబడి నిశ్శబ్దం. 2025 ఆగస్టులో కడప జిల్లాలో రాత్రివేళ దాని కూత రికార్డయింది. ఆ మధ్యకాలంలో దాన్ని విన్నవాళ్ళెవరో మనం అడిగామా?

గ్రంథస్థం కానిదంతా లేనట్టేనని ఒప్పుకుంటే, మన ప్రజల చరిత్రలో సగం ఏనాడో అంతరించినట్టే. రచయిత ముందు అడగడం నేర్చుకోవాలి.