మసియు బంకయు: ఏకభిత్తి కర్బననాళికల చరిత్ర

దీపపు మసిని కూర్చి, తుమ్మబంక కలిపిన నీటితో నూరి సిరా చేసికొనుట మన పూర్వులెరిగిన విద్య. బంక లేనిచో మసి ముద్దలుకట్టి అడుగున పేరుకొనును; బంక యున్నచో రేణువులు విడివిడిగా నిలిచి కలమువెంట సాగును. ఇరువదియవ శతాబ్దాంతమున కర్బనముయొక్క ఒక నూతనరూపము శాస్త్రజ్ఞుల చేతికి వచ్చినపుడు వారికెదురైన చిక్కును, దానికి దొరికిన విరుగుడును ఈ పాతవిద్యకు మిక్కిలి దగ్గరివి.

1991లో జపానునందలి త్సుకుబా నగరమున, ఎన్.ఇ.సి. పరిశోధనాలయమందు, సుమియో ఇజిమా కర్బనపు కడ్డీల నడుమ విద్యుచ్ఛాపము వెలిగించగా ఏర్పడిన మడ్డిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఒకదానిలోనొకటి యిమిడిన సన్నని గొట్టములను కనుగొనెను. బోలుగానున్న కర్బన తంతువుల చిత్రములను సోవియట్ శాస్త్రజ్ఞులు రాదుష్కెవిచ్, లుక్యనోవిచ్ 1952లోనే ప్రకటించియుండిరి. కాని నాడు లోకము వానిని అంతగా గమనింపలేదు. 1993లో ఇజిమా, ఇచిహాషి ఇనుముతోను, అమెరికాలోని ఐ.బి.యం. సంస్థయందు బెథూన్ బృందమువారు కోబాల్టుతోను, వేర్వేరుగా ఒకే గోడగల నాళికలను సాధించిరి. ఒక్క పరమాణువు మందముగల రేకును చుట్టినట్లుండు ఈ నాళిక వ్యాసము ఇంచుమించు 1 నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. రేకు చుట్టుకొనిన వాలునుబట్టి కొన్ని నాళికలు లోహములవలె విద్యుత్తును ప్రసరింపజేయును, కొన్ని అర్ధవాహకములగును.

పిమ్మట ఉత్పత్తి మార్గములు వరుసగా వెలువడినవి. 1996లో రైస్ విశ్వవిద్యాలయమున స్మాలీ బృందము లేజరు కిరణములతో కర్బనమును ఆవిరిచేసి నాళికలను విరివిగా పొందెను. మన దేశమున 1998లో బెంగళూరునందు సి.ఎన్.ఆర్. రావు బృందము ఫెర్రోసీనువంటి సమ్మేళనములను అసిటిలీను వాయువుతో కొలిమిలో విచ్ఛేదింపజేసి ఏకభిత్తి నాళికలను తయారుచేసెను.

నాళికలు లభించినను వానిని వాడుట కష్టమయ్యెను. మసియు, లోహపు తునుకలును వానితో కలిసియుండెను. పైగా పరస్పరాకర్షణచే అవి మోకులవలె పెనవేసికొని, నీటిలో గాని సామాన్య ద్రావకములలో గాని విడివడవయ్యెను. నత్రికామ్లమున మరిగించి మాలిన్యమును చాలవరకు పోగొట్టిరి. కాని ముడి విప్పుటకు వేరొక ఉపాయము కావలసివచ్చెను.

ఆ ఉపాయము 2002లో ఫలించెను. రైస్ శాస్త్రజ్ఞులు సబ్బుజాతి పదార్థమైన సోడియం డొడెసిల్ సల్ఫేటు కలిపిన నీటిలో నాళికలను వేసి, అతిధ్వని తరంగములతో కదలించి, అపకేంద్ర యంత్రమున త్రిప్పిరి. ముద్దలు అడుగునకు దిగగా, ఒంటరి నాళికలు పైన నిలిచెను. కట్టలలో నుండగా కానరాని పరారుణ ప్రతిదీప్తి అపుడు అర్ధవాహక నాళికలనుండి వెలువడెను. అదే సంవత్సరమున ఇజ్రాయెలు దేశపు బెన్‌గురియన్ విశ్వవిద్యాలయమువారు తుమ్మజాతి చెట్ల బంకతోనే నాళికలను నీటిలో విడివిడిగా నిలిపిరి. సిరా చేయువారి విద్య సరిక్రొత్త పదార్థమునకును పనికివచ్చెను.

నీటిలో విడివడిన పిదప తక్కిన పనులు సులభమైనవి. 2004లో ఫ్లారిడా విశ్వవిద్యాలయమున రింజ్లర్ బృందము అట్టి నీటిని సన్నని వడపోత పొరపై వడగట్టి, సబ్బును కడిగివేసి, ఆ పొరను కరగించి, పారదర్శకమైన విద్యుద్వాహక పటలమును పొందెను. 2006లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున ఆర్నాల్డ్, హెర్సమ్ మున్నగువారు పిత్తరస లవణముల సాయముతో, అడుగునకు పోనుపోను సాంద్రత హెచ్చు ద్రావణమున నాళికలను త్రిప్పి, లోహజాతిని అర్ధవాహకజాతినుండి వేరుపరచిరి.

ప్రయోజనములును ప్రత్యక్షమైనవి. 2003లో బెంగళూరునందు అజయ్ సూద్, శంకర్ ఘోష్, ఎన్. కుమార్ నాళికల కట్టలను రెండు లోహపు కొనల నడుమ బిగించి, వానిపై ద్రవమును పారించి విద్యుత్పీడనమును కొలిచిరి; ద్రవవేగము తెలిసికొనుటకు ఇది సాధనమయ్యెను. 2013లో స్టాన్‌ఫర్డ్‌నందు 178 ట్రాన్సిస్టర్లతో నాళికల కంప్యూటరు రూపొందెను. 2019లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ నిర్మించిన నాళికల ప్రాసెసరున ఆ సంఖ్య 14,000 దాటెను. అందు నాళికలను పలకపై పరచినదియు ద్రావణమునుండియే.

ఒక్క హెచ్చరిక మరువరాదు. పొడిగా గాలిలో నెగురు నాళికలు ఊపిరితిత్తులకు చేటుచేయగలవని 2004లో ఎలుకలపై జరిపిన పరిశోధనలు సూచించినవి. కావున వానిని తడిలోనుంచి పనిచేయుట సౌలభ్యమునకేగాక, పనివారి క్షేమమునకును తోడ్పడును.

ఈ పదార్థమును కనుగొనుటకు విలువైన సూక్ష్మదర్శిని అవసరమయ్యెను. దానిని వాడుకకు తెచ్చినవి సబ్బునీరు, చెట్టుబంక, వడపోత పొర. పరికరములు కొద్దిగానున్న మన కళాశాలల యువకులకు ఈ చరిత్ర ధైర్యమునిచ్చుగాక.