నోటిలెక్కలు, రాతలెక్కలు: చిన్న తరగతుల్లో పరీక్షల చరిత్ర

ఆరేడేళ్ల పిల్లలకు కూడికలు, తీసివేతలు, ఎక్కాలు ఏమాత్రం పట్టుబడ్డాయో తెలుసుకోవడానికి బడుల్లో రెండు రకాల పరీక్షలు వాడుకలో ఉన్నాయి. లెక్క చెవినపడగానే పలకాబలపం ముట్టకుండా జవాబు చెప్పమనడం నోటిలెక్క. పలక మీదో కాగితం మీదో అంకెలు వేసి, వరసగా చేసి చూపించమనడం రాతలెక్క. తెలుగు నేలమీద మొదటిది చాలా పాతది. రెండోది బడిలో ఎప్పటినుంచో ఉన్నా, పిల్లవాడి తెలివికి రుజువుగా మారింది మాత్రం పంతొమ్మిదో శతాబ్దిలో, బడి ఖర్చు భరించే సర్కారుకు సాక్ష్యం కావలసివచ్చినప్పుడు. ఏ లెక్క అడగాలి, ఎలా అడగాలి అన్నది పిల్లల అవసరం కంటే అడిగేవారి అవసరాన్ని బట్టే ఎక్కువగా మారుతూ వచ్చింది.

వీధిబడి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన జవాబుల్లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక అన్నిటికంటే వివరమైనది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెలే ఈయన. అందుకే కాబోలు, అంకెలు నింపి పంపేయకుండా బడి లోపల ఏం జరుగుతోందో చూశాడు. తెలుగు, కన్నడ బడులు కలిసి ఉన్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని లెక్కతేల్చాడు.

బడికి అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. లెక్కల పాఠం ఇసకలో వేలితో అంకెలు దిద్దడంతో మొదలయ్యేది. నూరుదాకా లెక్కపెట్టడం, కూడిక పట్టిక, ఆ తర్వాత డబ్బులోనూ కొలతల్లోనూ చిన్నచిన్న లెక్కలు. అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టి నేర్పింది భిన్నాలను. అవి పదేసి చొప్పున కాక నాలుగేసి చొప్పున తెగుతూ చాలా లోతుకు పోతాయని క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా రాశాడు. ఒకటిలో నాలుగో వంతు కాలు, కాలులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. ఈ భిన్నాలకు తెలుగులో విడిగా గుర్తులే ఉండేవి. 2008లో యూనికోడ్ వాటికీ చోటిచ్చింది.

పిల్లలు రోజుకు రెండుసార్లు వరసగా నిలబడి, పెద్ద పిల్లవాడు చెబుతుంటే ఎక్కాలు, భిన్నాలు, కొలతల పట్టికలు అన్నీ గొంతెత్తి అప్పజెప్పేవారు. పరీక్ష అంటే అదే. దానికి వేరే రోజు లేదు, మార్కులు లేవు, కాగితం లేదు. తప్పు చెబితే అక్కడికక్కడే తెలిసిపోతుంది, అందరికీ తెలుస్తుంది. గుంపులో గొంతు కలిపి గట్టెక్కేవాళ్లు ఉండకపోరు, ఆ లోపం ఈ పద్ధతిలో ఉంది.

నాలుగేసి చొప్పున తెగే భిన్నాలు బజారుకు సరిగ్గా అమిరేవి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు, మణుగుకు ఎనిమిది వీసెలు. మణుగు బెల్లం రెండు రూపాయలైతే మూడు వీసెలు ఎంత? రెండు రూపాయలంటే ముప్పైరెండు అణాలు, వీసె నాలుగణాలు, మూడు వీసెలు పన్నెండణాలు, అంటే ముప్పావలా. ఈ లెక్కకు పలక అవసరం లేదు. సగం చేయడం, మళ్లీ సగం చేయడం వస్తే చాలు.

తలకింత అని కట్టిన పరీక్ష

ఇంగ్లండులో ప్రాథమిక విద్యకు ప్రభుత్వం పెట్టే ఖర్చు పెరిగిపోతోందని, చదవడం రాయడం లెక్కలు మాత్రం చాలామందికి రావడంలేదని న్యూకాసిల్ కమిషన్ 1861లో తేల్చింది. దానిమీద విద్యాశాఖ చూస్తున్న రాబర్ట్ లో 1862లో ‘రివైజ్డ్ కోడ్’ తెచ్చాడు. ఖర్చు తగ్గకపోతే ఫలితమైనా కనబడాలి, ఫలితం లేకపోతే ఖర్చయినా తగ్గాలి అన్నది ఆయన వాదం. ఆరేళ్లు దాటి, ఏడాదిలో 200 పూటలకు పైగా హాజరైన ఒక్కొక్క పిల్లవాడికీ బడికి 8 షిల్లింగులు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, రాత, లెక్కలు మూడింటిలో పరీక్షిస్తాడు. ఒకదానిలో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి ఎనిమిది షిల్లింగులు మూడు సమభాగాలైతే ఎంతో అంతే.

ఏ మెట్టులో ఏ లెక్క అడగాలో కోడ్ విడమరిచి చెప్పింది. మొదటి స్టాండర్డు పిల్లలు 20 వరకు అంకెలు చెబితే రాయాలి, చూపితే చదవాలి. నల్లబల్ల మీది లెక్కలు చూసి పదిలోపు కూడికలు, తీసివేతలు నోటితో చెప్పాలి. రెండో స్టాండర్డులో రాతలెక్కగా ఒక కూడిక లేదా తీసివేత, పైగా ఎక్కాలు. మూడోదానికి చిన్న భాగహారం, నాలుగోదానికి డబ్బు లెక్కలు, అయిదోదానికి తూనికలు కొలతలు. చిన్నపిల్లలకు నోటిలెక్క, పెద్దవాళ్లకు రాతలెక్క అన్న విభజన ప్రభుత్వ నిబంధనగా అచ్చులోకెక్కింది.

ఇన్‌స్పెక్టరు ఒక్క పూటలో పదులకొద్దీ పిల్లల్ని చూడాలి, ఒక్కొక్కరి పేరు ఎదుట పాసో ఫెయిలో రాయాలి. నోటితో చెప్పిన జవాబు గాలిలో కలిసిపోతుంది. పలక మీది జవాబు నిలుస్తుంది, పక్కవాడు చూసినా నిలుస్తుంది. రాతలెక్క పైచేయి కావడానికి దానిలోని గణితం కంటే ఈ సదుపాయమే ఎక్కువగా తోడ్పడింది. ఇన్‌స్పెక్టరుగా ఉంటూనే ఈ పద్ధతిని బాహాటంగా తప్పుపట్టిన కవి మాథ్యూ ఆర్నాల్డ్, చదువు యంత్రంలా తయారవుతోందని ఏళ్ల తరబడి తన నివేదికల్లో రాశాడు. అడిగేవి ముందే తెలుసు కనుక పంతుళ్లు వాటినే రుబ్బించేవారు. 1890ల్లో ఇంగ్లండు దీన్ని వదిలించుకుంది.

అప్పటికే అది సముద్రం దాటి వచ్చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1860ల్లోనే ‘రిజల్ట్ గ్రాంట్లు’ మొదలయ్యాయి. పంతులు జీతం ఊరివాళ్లు ఇచ్చే గింజల మీదా పైసల మీదా నడిచే వీధిబడి కూడా, పరీక్షకు పిల్లల్ని నిలబెడితే సర్కారు సొమ్ముకు నోచుకునేది. హంటర్ అధ్యక్షతన 1882లో కూర్చున్న విద్యా కమిషన్ కిందిస్థాయి బడులకు ఈ పద్ధతినే సమర్థించింది. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో దాన్ని కాదని పక్కనపెట్టింది. మధ్యలో గడిచిన మూడు నాలుగు దశాబ్దాల్లో వీధిబడి రూపురేఖలే మారిపోయాయి. అప్పజెప్పడం పోలేదు. పోయిందల్లా దానికున్న పరీక్ష హోదా.

కొలమానం కోసం

అమెరికాలో జోసెఫ్ మేయర్ రైస్ 1902లో పలు నగరాల బడుల్లో ఒకే లెక్కల పత్రం ఇచ్చి చూశాడు. లెక్కలకు ఎక్కువ గంటలు కేటాయించిన బడులు మెరుగ్గా ఉంటాయనుకుంటే, అలా తేలలేదు. తర్వాత కొన్నేళ్లకు డెట్రాయిట్‌లో ఎస్.ఎ. కోర్టిస్, నిమిషాలు పెట్టి ఎన్ని లెక్కలు చేశారో, ఎన్ని ఒప్పో విడివిడిగా చూసే అచ్చుపత్రాలు తయారుచేశాడు. లండన్‌లో సిరిల్ బర్ట్ 1921 నాటి తన పుస్తకంలో నోటిలెక్కలకు, రాతలెక్కలకు వేర్వేరు పరీక్షలు పెట్టాడు. ఏ వయసు పిల్లవాడికి ఎంత రావాలన్న సగటు గీత ఈ కాలంలో పుట్టిందే.

నయాపైసలు

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఆ వెంటనే సేర్లు, వీసెల స్థానంలో కిలోలు, లీటర్లు. లెక్కల పరీక్ష మీద ఈ మార్పు చూపిన ప్రభావం ఏ విద్యా కమిషన్ సిఫారసూ చూపలేదనే చెప్పాలి. వీసం, కాలు, ముప్పాతిక ఎక్కాలకు పనిలేకుండా పోయింది. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు అని అప్పజెప్పే పట్టికలు పెద్ద బాలశిక్ష పేజీల్లో మిగిలిపోయాయి. తెలంగాణలోనైతే అంతకుముందు మరో చిక్కు ఉండేది: నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ కల్దారు ఆరు రూపాయలకు సుమారుగా సమానం. ఆ మారకం తెలియకపోతే సరిహద్దు సంతల్లో బేరం సాగేది కాదు. పదేసి చొప్పున సాగే కొత్త కొలతలు రాతలెక్కకు అచ్చంగా సరిపోయాయి. సగాల మీద, పావుల మీద బతికిన నోటిలెక్కకు బజారులో ఉన్న ఆధారం సగం ఊడిపోయింది.

క్యాసెట్టు, కంప్యూటరు

ఇంగ్లండులో నోటిలెక్కలు 1998లో జాతీయ పరీక్షగా తిరిగివచ్చాయి. పదకొండేళ్ల పిల్లలకు క్యాసెట్టులో ప్రశ్న వినిపించేవారు. మొదటివాటికి 5 సెకన్లు, తర్వాతివాటికి 10, చివరివాటికి 15. పేరుకు నోటిలెక్కే గాని జవాబు మాత్రం కాగితం మీదే రాయాల్సివచ్చేది. 2016 నుంచి దాన్ని తీసేసి అంకగణితానికి విడిగా రాత పత్రం పెట్టారు, ఏడేళ్ల పిల్లలకు కూడా. 2022 నుంచి నాలుగో ఏడాది చదివేవారికి ఎక్కాల పరీక్ష తప్పనిసరి: తెర మీద 25 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 6 సెకన్లు, 12 ఎక్కాల వరకు. ఆరు సెకన్లలో వేళ్లు లెక్కపెట్టుకుంటూ పోవడానికి వీలుండదు, కంఠతా వచ్చిందా లేదా అన్నదే తేలుతుంది. క్యాంప్‌బెల్ చూసిన వరస ఇప్పుడు తెర ముందుకొచ్చింది, గుంపులో దాక్కునే వీలు మాత్రం లేదు.

గడప దగ్గర పరీక్ష

మన దేశంలో 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన ‘అసర్’ సర్వే బడిని వదిలి ఇంటికి వెళ్లింది. పిల్లవాడు బడికి పోతున్నా మానేసినా, కార్యకర్త వాడి పక్కన కూర్చుని ఒంటరిగా పరీక్షిస్తాడు. సాధనం ఒకే ఒక కాగితం. మొదట అప్పు తెచ్చుకుని చేయవలసిన రెండంకెల తీసివేతలు రెండు. రెండూ ఒప్పయితే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క. తీసివేత రాకపోతే వెనక్కి వచ్చి రెండంకెల సంఖ్యలు అయిదు చూపించి కనీసం నాలుగు చదవమంటారు, అదీ రాకపోతే ఒకటి నుంచి తొమ్మిది. మార్కులు వేయరు, పిల్లవాడు ఏ మెట్టు మీద ఆగాడో రాసుకుంటారు.

తీసివేత దగ్గరే ఎక్కువమంది ఆగుతారు. 46లోంచి 29 తీసేయమంటే 23 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఆరులోంచి తొమ్మిది పోదు గనక తొమ్మిదిలోంచి ఆరు తీసేస్తారు. అది పరాకు వల్ల జరిగింది కాదు, వాళ్లు ప్రతిసారీ పాటించే నియమమే అది. నోటితో చేసేవాడు ముప్పై తీసేసి ఒకటి కలుపుతాడు, పదిహేడు అంటాడు, వాడికి అప్పుతో పనేలేదు. ఈ తేడా అసర్ కాగితంలో కనిపించదు. 2024 సర్వేలో గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం, అయిదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. 2022లో ఇవి 25.9, 25.6 శాతం.

ఫలితాన్ని బట్టి డబ్బు అన్న రాబర్ట్ లో ఆలోచన కూడా అదే 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరో వేషంలో కనబడింది. అయిదు జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం నడిపారు. పిల్లల తెలుగు, లెక్కల మార్కుల్లో సగటు పెరుగుదల 5 శాతం దాటాక ప్రతి ఒక్క శాతానికీ ఉపాధ్యాయుడికి 500 రూపాయల బోనసు. రెండేళ్లకు లెక్కల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. బట్టీ పట్టినవాడికి దొరికే ప్రశ్నలు, అర్థమైతేనే దొరికే ప్రశ్నలు పరీక్షలో రెండూ ఉన్నాయి. రెండింటిలోనూ పెరిగింది, బోనసు లేని ఇతర పాఠాల్లోనూ కొంత పెరిగింది. రాబర్ట్ లో నాటి పథకానికీ దీనికీ పెద్ద తేడా ఉంది: ఇక్కడ తప్పినవాడికి కోత లేదు, ప్రశ్నలు ముందే తెలియవు. ఆ తేడాను పక్కనపెట్టి రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో పిల్లల్ని తప్పించడాన్ని ఆపి, నిరంతర మూల్యాంకనం కోరింది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశవ్యాప్తంగా సుమారు 86 వేల మంది మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మౌఖికంగా పరీక్షించింది. అదే ఏడాది చిన్న తరగతుల్లో చదువు, లెక్కల పునాది గట్టిచేసే తెలంగాణ ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైంది. నోటిపరీక్షకు పోయిన హోదా కొంతవరకు తిరిగివచ్చింది.

సంతలో పిల్లలు

బ్రెజిల్‌లోని రెసీఫ్ నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్మే అయిదుగురు పిల్లలను తెరెజిన్యా నూనెస్, మరో ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 1985లో ఫలితాలు వెలువరించారు. కొనేవాళ్లలా అడిగితే 98 శాతం లెక్కలు ఒప్పు. అలాంటి లెక్కలే ఉత్త అంకెల్లో ఇస్తే 37 శాతం.

అయిదుగురితో ఏం తేలుతుందన్న అనుమానానికి జవాబు నలభై ఏళ్లకు మన దేశం నుంచే వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400కు పైగా పిల్లలను చూసి 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. తూకానికి ధర కట్టి, మొత్తం కలిపి, చిల్లర తిరిగి ఇవ్వడం వాళ్లకు నోటిమీది పని. అదే లెక్క బడి పద్ధతిలో రాసిస్తే తడబడ్డారు. బడి పిల్లల సంగతి దీనికి తలకిందులు: ఉత్త అంకెల లెక్కల్లో వీళ్లు మెరుగు, కాని బజారు పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన ఒక సరుకుల లెక్కను వీళ్లలో ఒక్క శాతమే చేయగలిగారు. చేసినంతలోనూ కాగితం మీద పొడుగాటి దారులు పట్టారు, ఒక లెక్కలో రెండు మూడు పనులు కలిసొస్తే కలపలేకపోయారు, జవాబు వచ్చేసరికి బజారులో కొనేవాడు వెళ్లిపోయేంత సేపు పట్టింది.