అరువు సొమ్ముల రౌతు

వీడియో గేముల చరిత్రలో 2010 విచిత్రమైన సంవత్సరం. జనవరి 5న అమెరికాలో ఒకేరోజు రెండు కత్తియుద్ధాల గేములు అంగళ్లకు చేరాయి. ఒకటి జపాన్ నుంచి వచ్చిన ‘బయొనెట్టా’, రెండోది టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో తయారైన ‘డార్క్‌సైడర్స్’. ఫిబ్రవరిలో ‘డాంటేస్ ఇన్ఫర్నో’, మార్చిలో ‘గాడ్ ఆఫ్ వార్ 3’, అక్టోబరులో స్పెయిన్ వాళ్లు చేసిన ‘కాసిల్‌వేనియా: లార్డ్స్ ఆఫ్ షాడో’ వచ్చాయి. అన్నింట్లోనూ ఒక వీరుడో వీరనారో, గుంపులుగా మీదపడే రాక్షసులు, తెర పట్టనంత పెద్ద బాస్. ఎవరి సరుకు ఎవరింట్లో ఉందో లెక్క తేల్చడం రివ్యూలు రాసేవాళ్లకు ఆ ఏడాదంతా పని కల్పించింది. వీటిలో తన అప్పులను ఏమాత్రం దాచుకోని గేము ‘డార్క్‌సైడర్స్’. దాని మంచిచెడ్డలు సరిగ్గా తూచాలంటే అది ఎవరెవరి గడప తొక్కిందో ముందు తెలియాలి.

అప్పిచ్చినవాళ్లూ అప్పులవాళ్లే

1986 ఫిబ్రవరి 21న నింటెండో జపాన్‌లో ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’ను విడుదల చేసింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా కలిసి రూపొందించిన ఆ గేముతో ఒక పద్ధతి స్థిరపడింది. తిరగడానికి విశాలమైన లోకం ఉంటుంది. అందులో అక్కడక్కడా చిక్కుముళ్ల నేలమాళిగలు, ఆటగాళ్ల మాటల్లో డంజన్లు. డంజన్‌లో ఒక కొత్త పనిముట్టు దొరుకుతుంది. అంతవరకూ దాటలేక వెనుదిరిగిన చోటుకు ఆ పనిముట్టు దారి తెరుస్తుంది. 1998లో ‘ఒకరీనా ఆఫ్ టైమ్’ ఈ పద్ధతిని త్రీడీలోకి తెచ్చింది. నలువైపులా శత్రువులుంటే చూపు ఎటు నిలపాలన్న చిక్కును ఒక్క బటన్‌తో తీర్చింది. ఆ బటన్ నొక్కితే కెమెరా ఎదుటి శత్రువును వదలదు. క్యోటోలోని తోయెయ్ సినిమా పార్కులో చూసిన కత్తియుద్ధ ప్రదర్శన నుంచి ఈ ఆలోచన వచ్చిందని తయారుచేసినవాళ్లే తర్వాత చెప్పారు.

‘జెల్డా’ది ఒక పాయ అయితే, రెండో పాయ గెంతులది, గోడలెక్కడాలది. 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కోసం జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడి చేత పరుగులు పెట్టించి, దూకించి, వీడియో తీసి, దాని మీద ఒక్కో బొమ్మా గీసుకున్నాడు. కత్తిసాము కదలికలకు 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్ పోరాటాన్ని వాడుకున్నాడు. 1996లో ఇంగ్లండ్‌లోని డెర్బీ నుంచి వచ్చిన ‘టూంబ్ రైడర్’ ఈ గెంతులకు ఇండియానా జోన్స్ తరహా నిధివేటను జోడించింది. 2007లో ‘అన్‌చార్టెడ్’ ఆ నిధివేటకు సినిమా హంగు అద్దింది. 2013లో కొత్తగా మొదలైన ‘టూంబ్ రైడర్’ ఆ హంగును ‘అన్‌చార్టెడ్’ నుంచి తిరిగి తెచ్చుకుంది. అప్పు వడ్డీతో సహా సొంతింటికే చేరిందన్నమాట.

మూడో పాయ కొట్లాటది. 2001 నాటి ‘డెవిల్ మే క్రై’ నిజానికి ‘రెసిడెంట్ ఈవిల్ 4’గా మొదలై దారి మళ్లిన పని. ‘ఒనిముషా’ గేములో ఒక లోపం వల్ల శత్రువులు గాల్లో తేలుతుండటం గమనించిన దర్శకుడు హిదెకి కమియా, శత్రువును పైకి ఎగరేసి కింద పడనివ్వకుండా కొట్టడాన్ని తన గేముకు ప్రాణం చేశాడు. 2005లో ‘గాడ్ ఆఫ్ వార్’ తీసిన డేవిడ్ జాఫీ కూడా ‘ఒనిముషా’ తరహా గేమును గ్రీకు పురాణాలతో చేద్దామనే మొదలుపెట్టాడు. 1981 నాటి ‘క్లాష్ ఆఫ్ ద టైటన్స్’ సినిమాకు తన రుణాన్ని దాచుకోలేదు. ఈ వరసలో అప్పు లేనివాడు ఒక్కడూ కనిపించడు. కాబట్టి ఒక గేము అరువు తెచ్చుకుందా అని అడగడం వృథా. తెచ్చుకున్నది దానికి అమిరిందా అన్నదే చూడాలి.

నాలుగు గుర్రాల్లో ఎర్రగుర్రం

బైబిల్లోని ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో నలుగురు రౌతులు వస్తారు. ఎర్ర గుర్రమెక్కినవాడికి పెద్ద ఖడ్గమూ, భూమ్మీద శాంతి లేకుండా చేసే అధికారమూ దక్కుతాయి. ‘డార్క్‌సైడర్స్’ కథానాయకుడు వార్ అతనే. ప్రళయానికి పిలుపొచ్చిందనుకుని భూమ్మీద దిగుతాడు. తీరా అది వేళ కాని వేళ. మనుషులంతా పోయాక నేరం అతని మీద పడుతుంది. నూరేళ్ల తర్వాత శక్తులన్నీ కోల్పోయి, అసలు దోషిని పట్టుకోవడానికి శిథిల నగరానికి తిరిగొస్తాడు. నిఘాకు వెంట వచ్చే వాచర్ అనే పిశాచానికి గొంతు ఇచ్చింది మార్క్ హామిల్.

దీన్ని తయారుచేసిన విజిల్ గేమ్స్ 2005లో మొదలైంది, మరుసటి ఏడాదే టీహెచ్‌క్యూ కంపెనీ చేతికి వచ్చింది. స్థాపకుల్లో ముఖ్యుడు జో మదురైరా కామిక్స్ లోకంలో పేరున్న చిత్రకారుడు. ‘అన్‌కానీ ఎక్స్-మెన్’, ‘బ్యాటిల్ చేజర్స్’ పుస్తకాలతో అభిమానులను సంపాదించుకున్నవాడు.

ఇక అప్పుల పద్దు. డంజన్, పనిముట్టు, బాస్ అనే క్రమం, ముక్కలు పోగుచేస్తే పెరిగే ప్రాణం, లోకం దాటించే గుర్రం ‘జెల్డా’వి. విసిరితే తిరిగొచ్చే క్రాస్‌బ్లేడ్, దూరపు అంచుకు లాక్కుపోయే ఎబిసల్ చెయిన్, కనిపించనివి చూపించే ముసుగు కూడా అక్కడివే. చావుదెబ్బ తిన్న శత్రువును బటన్ నొక్కి చీల్చేయడం ‘గాడ్ ఆఫ్ వార్’ది. చచ్చిన శత్రువుల నుంచి రాలే ఆత్మలతో కొత్త దెబ్బలు కొనుక్కోవడం ‘డెవిల్ మే క్రై’ది. ఎగిరే జంతువు మీద కూర్చుని కాల్చే ఘట్టం 1995 నాటి ‘పాంజర్ డ్రాగూన్’ను గుర్తుచేస్తుంది. గోడ మీద రెండు రంధ్రాలు తెరిచి ఒకదానిలో దూరి రెండోదానిలో తేలే వాయిడ్‌వాకర్ 2007 నాటి ‘పోర్టల్’ నుంచి దాదాపు యథాతథంగా దిగింది. అరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు. ఇన్ని సొమ్ములు దిగేసుకున్న రౌతు గుర్రం ఎక్కగలిగాడా మరి?

ఎక్కిన చోటు, జారిన చోటు

తొమ్మిదో శతాబ్దపు కశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కవుల మధ్య పోలికలను మూడు మెట్లుగా విడదీశాడు. మొదటిది అద్దంలో ప్రతిబింబం, దానికి సొంత ప్రాణం లేదు. రెండోది చిత్తరువు, దాని ప్రాణం అంతంతమాత్రం. ఈ రెండూ కవి మానుకోవలసినవి. మూడోది ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల వంటిది, ఎవరి ప్రాణం వారిదే గనుక దానిలో తప్పు లేదు. 2010 గేములకు ఈ కొలత బాగా సరిపోతుంది. మహాకవి డాంటేను క్రూసేడు యోధుడిగా మార్చి, ‘గాడ్ ఆఫ్ వార్’ పట్టులన్నీ అతనికి నేర్పిన ‘డాంటేస్ ఇన్ఫర్నో’ మొదటి మెట్టు దగ్గరే ఆగింది. నాలుగేళ్లు ముందొచ్చిన ‘ఒకామి’ మూడో మెట్టు ఎక్కింది. కట్టుబడి ‘జెల్డా’దే అయినా, తెర మీద కుంచెతో గీత గీసి గాలిని పుట్టించడం, ఎండిన చెట్టును పూయించడం దాని సొంతం. ‘డార్క్‌సైడర్స్’ ఒకే గేములో మూడు మెట్ల మీదా కాలు పెట్టింది. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

ముందు బలం. ట్విలైట్ కతీడ్రల్ అనే డంజన్‌లో క్రాస్‌బ్లేడ్ దొరుకుతుంది. దీపం మీదుగా విసిరితే అది నిప్పును మోసుకెళ్లి దూరానున్న బాంబును అంటిస్తుంది. గదిగదికీ ఈ కిటుకు కాస్త కష్టమవుతూ పోతుంది. చివర్లో టియమాట్ అనే రాకాసి గబ్బిలం ఎదురవుతుంది. అది గాల్లో ఉండగా బాంబు అంటించి, మంట మీదుగా క్రాస్‌బ్లేడ్ విసిరి కూల్చాలి. అంతదాకా నేర్చిందంతా అక్కడ పరీక్షకు వస్తుంది. ఐరన్ కెనపీ అనే డంజన్‌లో దొరికే ఎబిసల్ చెయిన్‌కూ, చివరన ఎదురయ్యే సాలీడు రాణి సిలితాకూ ఇదే సంబంధం. ‘జెల్డా’ పనిముట్లను మాత్రమే తెచ్చుకుంటే ఇది సాధ్యం కాదు. పనిముట్టు పాఠమనీ, బాస్ పరీక్ష అనీ తయారీదారులు గ్రహించారు. అప్పట్లో నింటెండో బయట త్రీడీ డంజన్లను ఇంత ఒడుపుగా కట్టినవాళ్లు అరుదు.

రెండో బలం మదురైరా గీత. కొండంత భుజాలు, సుత్తుల్లాంటి పిడికిళ్లు, మనిషిని మించిన ఖడ్గం. ఈ పాత్రలను ఏ మూలన చూసినా ఎవరి చేతివో చెప్పేయవచ్చు. ప్రతి గేమూ నిజం మనుషుల్లా కనిపించాలని తాపత్రయపడిన ఆ రోజుల్లో కామిక్ బొమ్మల ధాటిని ఎంచుకోవడం వల్లే దీని రూపానికి ముసలితనం తొందరగా రాలేదు. సబ్‌వే సొరంగాల్లో దేవదూతలూ పిశాచాలూ తలపడే ఈ శిథిల నగరం అరువు లోకంలా అనిపించదు.

ఇక లోపాలు. లోకం తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. తొలిగంటల్లో అదే రకం గుంపును అదే రకం దెబ్బలతో నరుకుతూ ఉండాలి. కొట్లాటలో ‘డెవిల్ మే క్రై’ బటన్లున్నాయి కానీ ఆ లోతు లేదు. ఒకటి రెండు కాంబోలతో గేమంతా గట్టెక్కవచ్చు. శత్రువును తెరకు నడుమ నిలిపే కెమెరా, పక్కనుంచి వచ్చే దెబ్బను చూపదు. విడుదలైన కొత్తలో ఎక్స్‌బాక్స్ 360లో తెర నడిమికి చిరిగినట్టు కనిపించేది, దాన్ని తర్వాత సరిచేశారు.

ఇవన్నీ చిన్నవి. పెద్ద లోపం బ్లాక్ థ్రోన్ అనే ఆఖరి డంజన్‌లో బయటపడుతుంది. వాయిడ్‌వాకర్ చేతికొచ్చేది అక్కడే. ‘పోర్టల్’లో ఆ రంధ్రాలే ఆట మొత్తం. ఒక్కో గదిలో ఒక్కో మెట్టుగా నేర్పుతారు. ఇక్కడ ఆ పనిముట్టు ఆలస్యంగా వచ్చి, ఒకే పోలిక ఉన్న మూడు భాగాల్లో కాంతిపుంజాన్ని గదుల వెంట నడిపించే పని చేసి, ఆ తర్వాత దాదాపు మూలనపడుతుంది. ఇది అచ్చంగా ప్రతిబింబం. ఆ వెంటనే విరిగిన ఆర్మగెడ్డన్ బ్లేడ్ అనే ఖడ్గం ముక్కల కోసం తిరిగిన చోట్లన్నీ మళ్లీ తిరగాలి. ‘జెల్డా’ వరసలోని ‘విండ్ వేకర్’లో ట్రైఫోర్స్ ముక్కల వేట సాగదీతని 2002 నుంచే విమర్శకులు మొత్తుకున్నారు. ఆ సాగదీతను కూడా అరువు తెచ్చుకోవడమే విచిత్రం. క్రాస్‌బ్లేడ్ తెచ్చుకున్నప్పుడు అది అక్కడెందుకుందో ఆలోచించారు. ముక్కల వేట తెచ్చుకున్నప్పుడు ఆలోచించలేదు.

కాలానికో అప్పు

తర్వాతి చరిత్ర ఈ మాటనే బలపరుస్తుంది. 2012 ఆగస్టులో వచ్చిన రెండో భాగానికి నాయకుడు డెత్. గోడల వెంట పరుగు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ది, శత్రువుల నుంచి రాలే కవచాలు, ఆయుధాలు ‘డయాబ్లో’వి. లోకం పెద్దదైంది, కూర్పు పలచబడింది. యూడ్రా అనే బొమ్మలు గీసే పలకతో కోలుకోలేని నష్టాల్లో పడిన టీహెచ్‌క్యూ ఆ డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. 2013 జనవరి వేలంలో విజిల్ స్టూడియోను కొనేవాళ్లే రాలేదు. ఏప్రిల్‌లో నార్డిక్ గేమ్స్ సంస్థ ఈ సిరీస్ హక్కులను మరికొన్నింటితో కలిపి 49 లక్షల డాలర్లకు కొనుక్కుంది.

పాత బృందంలో కొందరు పెట్టిన గన్‌ఫైర్ గేమ్స్ 2018లో మూడో భాగం తెచ్చింది. అప్పటికి ‘డార్క్ సోల్స్’ గాలి వీస్తోంది. ఆ గాలికి తగ్గట్టే ఫ్యూరీ అనే రౌతు కథ ఇరుకుదారుల్లో, అడుగడుగునా చావుతో నడిచింది. 2019 డిసెంబరులో మదురైరా సొంత స్టూడియో ఎయిర్‌షిప్ సిండికేట్ చేసిన ‘జెనెసిస్’ కెమెరాను నడినెత్తికి ఎక్కించి మళ్లీ ‘డయాబ్లో’ వైపు మొగ్గింది. నాలుగు గేములు, నలుగురు రౌతులు, ప్రతిసారీ కొత్త షావుకారు. మొదటి భాగానికి సొంతమైన డంజన్ పాఠాన్ని పెంచి పోషించే తీరిక ఈ సిరీస్‌కు చిక్కలేదు.

అదే కాలంలో ఆ విద్య చేతనైనవాళ్లూ వచ్చారు. ‘గాడ్ ఆఫ్ వార్ 3’ దర్శకుడు స్టిగ్ ఆస్ముసెన్ 2019లో తీసిన ‘జెడై: ఫాలెన్ ఆర్డర్’ పోరు ‘డార్క్ సోల్స్’ది, దారులు ‘మెట్రాయిడ్’వి, గెంతులు ‘అన్‌చార్టెడ్’వి. అయినా విద్య మరిచిన జెడై ఒక్కో శక్తినీ గుర్తుచేసుకునే కథ ఆ అప్పులన్నిటికీ కారణం చూపించింది. 2020లో చైనా నుంచి వచ్చిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ను ‘జెల్డా’ వరసలోని ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’కు నకలని తిట్టినవాళ్లే, నీరు, నిప్పు, మెరుపు కలిస్తే ఏమవుతుందన్న దాని సొంత లెక్కలకు అలవాటుపడ్డారు.

మన దేశపు అనుభవం కూడా అదే ఏడాదిది. పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన ‘రాజీ: ఏన్ ఏన్షెంట్ ఎపిక్’లో గోడపరుగు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ది, దూరం నుంచి చూసే కెమెరా ‘గాడ్ ఆఫ్ వార్’ది. రాక్షసులెత్తుకుపోయిన తమ్ముడి కోసం వెళ్లే అమ్మాయి కథను దుర్గ, విష్ణువు చెబుతుంటారు. నడుమ ఘట్టాలు తోలుబొమ్మలాటను తలపించే నీడబొమ్మలతో సాగుతాయి. రాజస్థానీ కోటల సొగసు చూసి కళ్లు నిండుతాయి. కానీ పోరు పలచన, ముగింపు అర్ధాంతరం. ఇక్కడా ‘డార్క్‌సైడర్స్’ తీర్పే: గీత సొంతం, కొట్లాట అరువు, అరువు తెచ్చిన చోటే నీరసం.

2016లో మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసిన మొదటి ‘డార్క్‌సైడర్స్’ను ఈనాటికీ ఆడవచ్చు. తొలి గంటలు ఓపిక పట్టాలి, బ్లాక్ థ్రోన్‌ను రెండు మూడు దఫాలుగా పూర్తి చేసుకోవాలి. నడుమనున్న డంజన్లు ఆ ఓపికకు తగిన ఫలితమిస్తాయి. గేములు తయారుచేసే కుర్రవాళ్లయితే రెండుసార్లు ఆడాలి: ఒకసారి క్రాస్‌బ్లేడ్ ఎందుకు రాణించిందో చూడటానికి, ఇంకోసారి వాయిడ్‌వాకర్ ఎందుకు తేలిపోయిందో చూడటానికి. రెండూ తెచ్చుకున్నవే. మొదటిదాని వెనక ఉన్న ఆలోచన కూడా వెంట వచ్చింది, రెండోదాని వెంట వస్తువు ఒక్కటే వచ్చింది.