టాన్సిల్ పక్కన చీము: ఒక మరచిపోయిన వ్యాధి కథ

గొంతునొప్పి వస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకోవడం మనకు అలవాటు. చాలాసార్లు అది చాలు కూడా. అయితే టాన్సిల్ పక్కన చీము చేరినప్పుడు సంగతి వేరు. ఆ చీము ఉన్నచోటనే ఉంటే బాధ. అక్కడినుండి కదిలితే ప్రాణాపాయం. వైద్యలోకం ఈ సత్యాన్ని ఎలా తెలుసుకుందో, తెలుసుకున్న తరువాత ఎలా మరచిపోయిందో పాఠకులకు క్లుప్తంగా వివరిస్తాను.

ఈ వ్యాధి కొత్తది కాదు. సుశ్రుతుడు కంఠరోగాలను వర్ణిస్తూ వాటిలో గలవిద్రధిని చేర్చాడు. విద్రధి అంటే చీముగడ్డ. ఐరోపావారు టాన్సిల్ పక్కన వచ్చే గడ్డను క్విన్సీ అన్నారు. ఫ్రెంచి రచయిత మోంటేన్ 1592 సెప్టెంబరు 13న క్విన్సీతోనే మరణించాడని చెబుతారు. సంభాషణను ఎంతో ప్రేమించిన ఆ మనిషి చివరి రోజులలో నోట మాట రాక, తన కోరికలను కాగితంపై వ్రాసి చూపవలసి వచ్చింది.

టాన్సిల్‌కూ, దాని వెలుపలి కండరానికీ మధ్య చేరిన చీముకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది శ్వాసమార్గం. వాపు పెరిగి ఊపిరి ఆడకపోవచ్చు. గడ్డ నిద్రలో పగిలి చీము ఊపిరితిత్తులలోకి జారవచ్చు. రెండవది మెడ లోతులలోని పొరల మధ్య ఖాళీలు. అన్నవాహిక వెనుక ఉన్న ఒక ఖాళీ పుర్రె అడుగునుండి ఉదరవితానం వరకూ అడ్డులేకుండా సాగుతుంది. దానిలో ప్రవేశించిన చీము గుండె చుట్టుపక్కలకు దిగుతుంది. మూడవది మెడలోని పెద్ద సిర. చరిత్రలో విచిత్రమైన దారి ఇదే.

పారిస్‌లోని క్లాడ్ బెర్నార్డ్ ఆసుపత్రిలో అంటువ్యాధుల వైద్యుడైన ఆంద్రె లెమియేర్ 1936లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన వర్ణించినవారిలో ఎక్కువమంది ఆరోగ్యవంతులైన యువతీయువకులు. ముందు గొంతునొప్పి, కొన్ని రోజులకు వణుకుతో తీవ్రజ్వరం, మెడలో ఒకవైపు వాపు, ఆపైన ఊపిరితిత్తులలో చీముగడ్డలు. ప్రాణవాయువు లేనిచోట పెరిగే ఒక సూక్ష్మజీవి మెడ సిరలో రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డల ముక్కలు రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తులలోనూ, కీళ్ళలోనూ చిక్కుకుంటాయి. ఆయన పేర్కొన్న 20 మందిలో 18 మంది మరణించారు. ఆ రోజులలో శస్త్రవైద్యులు విషం వ్యాపించకుండా మెడ సిరను కట్టివేసేవారు. అంతకు మించిన ఆయుధం వారికి లేదు.

1940ల తరువాత పెనిసిలిన్ వాడకం పెరిగింది. ఈ వ్యాధి ఎంత అరుదైపోయిందంటే, వైద్యులే దానిని ‘మరచిపోయిన వ్యాధి’ అన్నారు. మరచినవారిలో నేనూ ఒకడిని.

నేను ప్రభుత్వ సేవలో ఉండగా ఒక యువకుడు చలిజ్వరంతో వచ్చాడు. గొంతునొప్పికి మందుల షాపులో మాత్రలు కొని రెండు రోజులు మింగి, నొప్పి తగ్గగానే మానేశాడట. ఐదవ రోజున వణుకు మొదలైంది. మా ప్రాంతంలో వణుకంటే మలేరియా. నేనూ అదే అనుకుని చికిత్స మొదలుపెట్టాను. మరునాడు అతని తల్లి, “మెడ ఇటుపక్క తాకనివ్వటం లేదయ్యా,” అన్నది. అక్కడ చేయి పెట్టి చూస్తే తాడులా గట్టిగా తగిలింది. అప్పుడు గాని విద్యార్థి దశలో చదివిన పాఠం గుర్తుకు రాలేదు. పెద్దాసుపత్రికి పంపాము. చాలా వారాల తరువాత కోలుకున్నాడు. అతనిని కాపాడినది నా చదువు కంటే ఆ తల్లి మాటే.

అందుచేత కొన్ని గుర్తులు మనసులో ఉంచుకోండి. నొప్పి ఒకేవైపు ఎక్కువగా ఉండడం, నోరు సరిగా తెరుచుకోకపోవడం, లాలాజలం కూడా మింగలేక కారడం, వేడి ముద్ద నోట్లో ఉన్నట్టు మాట ముద్దగా రావడం క్విన్సీ లక్షణాలు. మెడ వాచినా, ఆయాసం వచ్చినా, తగ్గిన గొంతునొప్పి వెంట వణుకు జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చేరిన చీమును సూదితో గాని, చిన్న గాటుతో గాని తీసివేసి, తగిన యాంటీబయాటిక్స్ ఇస్తే చాలామంది త్వరగా కోలుకుంటారు. వైద్యుడు వ్రాసిన మందులను నొప్పి తగ్గిందని మధ్యలో మానవద్దు.

లెమియేర్ రోగులకు మందు లేదు. మనకు ఉంది, వేళకు చేరుకోవడమే మన వంతు.