ఏ మందు? ఏమైంది? ఎప్పుడు?

ఉదయం ఏడున్నర. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తులో ఎముకల వార్డు. రాత్రి డ్యూటీ వాళ్ళు చార్జి అప్పగించి వెళ్తున్నారు. మీరు నర్సింగ్ స్టేషన్‌లో కంప్యూటరు పక్కన నిలబడ్డారు. ఎదురుగా కుర్చీలో అరవై దాటిన పెద్దావిడ. రేపు పొద్దున్నే ఆమెకు మోకాలి కీలు మార్పిడి. వెనక కోడలు, చేతిలో పాత చీటీల కవరు.

సిస్టర్ ఆమె పేరు, వయసు, ఆభా ఆరోగ్య ఖాతా నంబరులోని 14 అంకెలూ సరిచూసుకుంది. బరువు ఎక్కించింది. ఇప్పుడు తెర మీద అలర్జీల పేజీ.

"పెద్దమ్మా, మీకు పడని మందులేమైనా ఉన్నాయా?"

"పెన్సిలిన్ పడదమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే."

పేరు కొట్టి సేవ్ చేస్తే ఈ పేజీ అయిపోతుంది. చాలాచోట్ల చేసేదీ అదే. కానీ ఆ ఒక్క మాట ఇక్కడితో ఆగదు. రేపు ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ తెర మీద ఎర్రగా కనబడుతుంది. కోత పెట్టకముందు సాధారణంగా ఇచ్చే సెఫజోలిన్ సూదిని పక్కన పెట్టి వాంకోమైసిన్‌కో క్లిండామైసిన్‌కో వెళ్తారు. నిజానికి సెఫజోలిన్, పెన్సిలిన్ పడనివాళ్ళలో కూడా చాలామందికి ఇబ్బంది పెట్టదు. అయినా భయం ఆపుతుంది. కీళ్ళ మార్పిడి వంటి పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళ మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రికార్డులో పెన్సిలిన్ అలర్జీ అని ఉన్నవాళ్ళలో కోత దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది. కారణం అలర్జీ కాదు, దాన్ని చూసి మందు మార్చడం.

సిస్టర్ చేతులు కీబోర్డు మీద లేవు. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అప్పుడేం జరిగింది పెద్దమ్మా?"

"గొంతు నొప్పికి బిళ్ళలిచ్చారు. రెండు రోజులు ఒకటే విరేచనాలు. ఇంకెప్పుడూ వేసుకోవద్దని మా అమ్మ ఒట్టు పెట్టించుకుంది."

"ఒంటి మీద దద్దుర్లు లేచాయా? మొహం వాచిందా? ఊపిరాడలేదా? కళ్ళు తిరిగి పడిపోయారా?"

"అవేం లేవమ్మా."

కోడలి కవరులోంచి చీటీలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. షుగరుది, బీపీది, పంటి డాక్టరుది. ఆ మూడోదాని మీద సిస్టర్ వేలు ఆగింది. అమాక్సిసిలిన్, 5 రోజులు. అదీ పెన్సిలిన్ కుటుంబమే.

"ఇవి వేసుకున్నారా?"

"అన్నీ మింగింది సిస్టర్, నేనే ఇచ్చాను. ఏమీ కాలేదు," అంది కోడలు.

ఇప్పుడు చేతులు కదిలాయి. రకం అన్నచోట అలర్జీ కాదు, ఇన్‌టాలరెన్స్, అంటే ఒంటికి సరిపడకపోవడం. లక్షణం: విరేచనాలు. ఎప్పుడు: చిన్నతనంలో. తీవ్రత: తక్కువ. కింద ఒక వాక్యం: తర్వాత అమాక్సిసిలిన్ పూర్తి కోర్సు వాడారు, రియాక్షన్ లేదు. తర్వాత ఫోను తీసి మత్తు డాక్టరుకు ఇదంతా చెప్పింది. ఏ సూది వాడాలో తేల్చేది ఆయన. ఆయన తేల్చడానికి కావలసినదంతా ఈ గడుల్లో ఉంది.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కలో అక్కడి రోగుల్లో 10 శాతం తమకు పెన్సిలిన్ పడదంటారు. నిజంగా పడనివాళ్ళు జనాభాలో 1 శాతం లోపే. ఒకప్పుడు నిజంగానే పడనివాళ్ళలో కూడా 80 శాతం మందికి పదేళ్ళలో ఆ గుణం పోతుంది. ఏడాది కూడా రాయకపోతే ఆ సంగతి ఎవరూ గుర్తించలేరు.

పెద్దమ్మ తర్వాత చెయ్యి విరిగిన ఆటో డ్రైవరు. "పడని మందులా? అట్లాంటివేం లేవు."

పక్కనున్న భార్య ఊరుకోలేదు. "మరి ఆ పంటి నొప్పి బిళ్ళ? పెదాలు వాచి, గొంతు బిగుసుకుపోయి, రాత్రికి రాత్రే తీసుకుపోలేదా?"

బిళ్ళ పేరు ఇద్దరికీ తెలియదు. ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. కాసేపటికి వాట్సాప్‌లో మందుల అట్ట ఫొటో వచ్చింది. సిస్టర్ పెద్దది చేసి చదివింది: డైక్లోఫెనాక్, పారాసెటమాల్. పోయిన వారం జ్వరానికి పారాసెటమాల్ వేసుకున్నాడు, ఏమీ కాలేదు. అనుమానం డైక్లోఫెనాక్ మీదకే వస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. రిమార్కుల గడిలో "నొప్పి బిళ్ళ పడదు" అని రాసి వదిలేయవచ్చు. మనిషికి అర్థమవుతుంది, కంప్యూటరుకు కాదు. మందు రాసేటప్పుడు హెచ్చరిక రాదు. అందుకే సిస్టర్ జాబితాలోంచి డైక్లోఫెనాక్‌ను ఎంచుకుంది. ఆ పేరు వెనక స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశం కోడు ఉంటుంది. 2014లో భారత్ దాన్ని నిర్వహించే సంస్థలో సభ్యదేశమైనప్పటి నుంచి ఆ కోడులు మన ఆసుపత్రులకు ఉచితం. లక్షణం: పెదాల వాపు, ఊపిరాడకపోవడం. తీవ్రత: ఎక్కువ. నిర్ధారణ: డాక్టరు చూడాలి. అతని మణికట్టుకు ఎర్ర బ్యాండు.

పదకొండు గంటలకు డ్యూటీ డాక్టరు అతని నొప్పికి సూది రాస్తున్నారు. డైక్లోఫెనాక్ అని ఎంచుకోగానే తెర నిండా ఎర్ర పెట్టె. ఆయన చేయి ఆగింది. లక్షణాలు చదివారు, రద్దు చేశారు. ఐబుప్రొఫెన్ కూడా అదే కోవ మందని దాని జోలికీ పోకుండా పారాసెటమాల్ రాశారు.

ఆ చేయి ఆగింది చూశారు కదా, అది దానంతటదే జరగదు. పెద్దమ్మ విరేచనాలకూ ఇదే ఎర్ర పెట్టె వస్తూ ఉంటే, రోజుకు పాతిక సార్లు వస్తే, చదవకుండానే దాటేయడం ఏ డాక్టరుకైనా అలవాటైపోతుంది. అవసరం లేని ప్రతి నమోదూ ఈ ఆటో డ్రైవరు హెచ్చరికను బలహీనపరుస్తుంది.

మూడో మనిషికి ఏ అలర్జీ లేదు. అయినా సిస్టర్ గడిని ఖాళీగా వదల్లేదు, "తెలిసిన అలర్జీలు లేవు" అన్నది నొక్కింది. ఖాళీ గడి చూస్తే ఎవరూ అడగలేదేమో అన్న అనుమానం మిగులుతుంది.

ఈ ప్రశ్న ఏదో ఒక రోజు మీకూ వస్తుంది. మందు పేరొక్కటే చెప్పకండి. వేసుకున్న ఎంతసేపటికి ఏమైందో, అది ఏ ఏడాదో, ఆ తర్వాత అదే మందు మళ్ళీ వాడారో లేదో కూడా చెప్పండి. పడని మందు అట్ట దొరికితే వెనకవైపు ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.